బరువు మోసిన మకరం

పోయిన వేసవిలో మా బావమరిది పెండ్లికి కుటుంబంతో విశాఖపట్టణం వెళ్ళినాము. మదురలో పుట్టి పెరిగిన మా పిల్లలకు సముద్రమంటే రామేశ్వరంలో చూచిన నీరే. విశాఖ బీచిరోడ్డున అలలు చూచి వారు ఆనందించుచుండగా, దూరాన బూడిదరంగు ఓడ ఒకటి నెమ్మదిగా పోవుచు కనిపించినది. మా చిన్నవాడు దాన్ని చూపి, “నైనా, ఈ ఓడకు మూతి ఇంత మొద్దుగా ఉన్నదేమి?” అని అడిగినాడు. మాకు జవాబు తెలియలేదు.

ప్రక్కనే గట్టుమీద కూర్చున్న ఒక పెద్దమనిషి నవ్వి, “అది మూతి కాదు బాబూ, తలుపులు. ముందు తలుపులు తెరిస్తే లోపలినుంచి ట్యాంకులు, లారీలు నడిచి ఒడ్డుకు దిగుతాయి” అని చెప్పినారు. ఆయన షిప్‌యార్డులో వెల్డరుగా పని చేసి రిటైరయినవారట. పోవునప్పుడు ఆయన అన్న మాట మా మనస్సులో నిలిచిపోయినది: “పేపర్లో పేరు పడేది ఫిరంగులున్న ఓడలకేనండి. బరువు మోసే ఓడ సంగతి ఎవరికి కావాలి?”

మేము పార్సెలు ఆఫీసులో గుమాస్తాలము. చదివినది మెట్రిక్యులేషను. చరిత్ర పండితులము కాము. కాని బరువు మోసేవారి సంగతి ఎవరికీ పట్టదన్న మాట మాకు సూటిగా తగిలినది. రైలు వేళకు వచ్చినదా లేదా అని అందరూ అడుగుతారు; వ్యాగనులో సరుకు ఎవరు ఎక్కించినారు, ఏ వరుసలో పేర్చినారు అని అడిగేవారు లేరు. అందుచేత తిరిగి వచ్చిన పిమ్మట, తీరిక దొరికినప్పుడల్లా ఈ ఓడల సంగతి చదివి, తెలిసినంతవరకు మన సంఘం ఉగాది సంచికలో సోదర సోదరీమణుల ముందుంచుచున్నాము.

మొదట ఒక చిక్కు చెప్పుకొనవలెను. పెద్ద ఓడకు లోతు నీరు కావలెను. ఒడ్డున లోతు ఉండదు. రేవు కట్టినచోట ఓడ గోడకు ఆనుకొని నిలుచును. రేవు లేనిచోట దూరాన లంగరు వేసి నిలువవలసినదే. మన కోరమండలం తీరమంతా పూర్వం ఇదే అవస్థ. చెన్నపట్టణానికి రేవు కట్టకముందు, ఓడ దిగినవారిని అలలమీదుగా ఒడ్డుకు చేర్చినది మసూలా పడవ. దానికి మేకులు ఉండవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుతారు. అల కొట్టినప్పుడు పడవ వంగునే కాని విరుగదు. తెలుగు పల్లెకారుల చేతిపని అది. మనుష్యులను, మూటలను, గుఱ్ఱాలను సైతం అది దింపగలిగినది. కాని నలభై టన్నుల ఇనుప ట్యాంకును ఏ పడవ దింపును?

1940లో ఈ ప్రశ్న బ్రిటిషువారికి ప్రాణసంకటమైనది. ఫ్రాన్సులోని డన్‌కర్క్ తీరంనుండి 3,38,000 మందికి పైగా సైనికులను ఓడలమీదను, చిన్న పడవలమీదను వారు తప్పించుకొని తెచ్చుకొన్నారు. మనుష్యులు వచ్చినారు, ట్యాంకులు, ఫిరంగులు, లారీలు ఆ ఒడ్డునే ఉండిపోయినవి. మరల ఐరోపా గడ్డమీద అడుగు పెట్టవలెనంటే, రేవుతో పనిలేకుండ ట్యాంకులను దింపు ఓడ కావలసివచ్చినది. వెనెజులా దేశంలో మరకైబో అనే సరస్సు కలదు. అక్కడి లోతు తక్కువ నీటిలో తిరుగుటకు కట్టిన మూడు చమురు ఓడలను తీసికొని, ముందుభాగం కోసి తలుపులు పెట్టినారు. వానిలో ఒకటైన బచకేరో 1942 మే నెలలో మడగాస్కర్ దీవిలో దింపుడు పనికి పోయినది.

ఆలోగా 1941 నవంబరులో అమెరికా నౌకాశాఖలోని జాన్ నీడర్‌మేయర్ అనే ఇంజనీరు ఈ పనికై క్రొత్త ఓడకు నమూనా గీసినాడు. ఆ గీతనుండి వెయ్యికి పైగా ఓడలు పుట్టినవి. పొడవు 328 అడుగులు, వెడల్పు 50 అడుగులు. సముద్రతీరపు కార్ఖానాలకు వేరే పెద్ద ఓడల పని తెమలనందున, వీటిలో చాలావాటిని సముద్రానికి వందలకొలది మైళ్ళ దూరాన, ఒహాయో, ఇల్లినాయి నదుల ఒడ్డున కట్టి, నదివెంబడి సముద్రానికి పంపినారు. మదురలో కూర్చుండి ఓడల కథ వ్రాయుచున్న మాకు ఈ సంగతి కొంత ధైర్యమిచ్చినది.

ఈ ఓడ పనిచేయు తీరు చిత్రమైనది. సముద్రంలో పోవునప్పుడు అడుగు తొట్లలో నీరు నింపుకొని బరువుగా పోవును. లేకున్న అలలకు నిలువలేదు. ఒడ్డు సమీపించగానే ఆ నీటిని పంపులతో తోడివేసి తేలికపడును. ఒడ్డుకు కొంత దూరాన వెనుక లంగరు జారవిడిచి, నెమ్మదిగా ముందుకు నడిచి ఇసుకమీదికి ఎక్కును. అప్పుడు ముందు తలుపులు రెండు ప్రక్కలకు తెరుచుకొని, లోపలినుండి ఏటవాలు పలక క్రిందికి దిగును. బండ్లు వాటంతట అవే నడిచి బయటికి పోవును. పని ముగిసిన పిమ్మట వెనుక లంగరు గొలుసును యంత్రంతో చుట్టుకొనుచు, తన్ను తానే నీటిలోనికి లాగుకొనును.

సరుకు పేర్చుట మాత్రం మా పార్సెలు వ్యాను వలెనే. ముందు దిగవలసినది తలుపు దగ్గర ఉండవలెను. అనగా చివర ఎక్కవలెను. ఈ లెక్క తప్పిన ఏమగునో మాకు తెలియును. మా ఉద్యోగంలో తప్పితే పైవారి మెమో వచ్చును, ఊరి వ్యాపారి కేకలు వేయును. అక్కడ తప్పితే, గుండ్లవానలో నిలిచిన సైనికునికి కావలసిన ఫిరంగి లోపలనే చిక్కుకొనును. లెక్క ఒక్కటే, దాని వెల వేరు.

1944 జూన్ 6వ తేదీన నార్మండీ తీరాన దండు దిగినప్పుడు ఈ ఓడలే ట్యాంకులను మోసినవి. తిరుగు ప్రయాణంలో ఊరక రాలేదు. ట్యాంకులు దిగిన అంతస్తులోనే గోడలకు మంచాలు తగిలించి, గాయపడినవారిని నలభై వేలమందికి పైగా ఇంగ్లండుకు చేర్చినవి. మా రైల్వేవారు చెప్పుకొనదగిన ముచ్చట మరొకటి కలదు. ఫ్రాన్సులో రైలు పెట్టెలు ధ్వంసమైనందున, కొన్ని ఓడల లోపలి అంతస్తుమీద పట్టాలు పరచి, రైలు పెట్టెలనే ఎక్కించి షెర్‌బూర్గు వద్ద దింపినారు. ఇంత చేసినను ఈ ఓడకు నావికులు పెట్టిన ముద్దుపేరు ఏమనగా, ‘పెద్దది, నిదానమైనది, గురిపెట్టుటకు వీలైనది’ అని. బరువు మోసేవానికి దొరికే బిరుదు ఎక్కడైనను ఇంతే.

ఇక మన వైపు సంగతి. యుద్ధం మన తెలుగు తీరాన్ని విడిచిపెట్టలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణం, కాకినాడలమీద బాంబులు వేసినవి. అంతకుముందే రంగూను పడిపోయినది. ఆ నగరంలో రేవు కూలీలుగా, బియ్యపు మిల్లులలో పనివారుగా బ్రతికిన తెలుగువారు వేలకొలది. కాకినాడ చేరువనున్న కోరంగి రేవుపేరనే వారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచినారు. ఆ సంవత్సరం బర్మా విడిచి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షల మంది. ఓడలో చోటు దొరకని బీదలు నడిచి వచ్చినారు. తౌంగప్ కనుమ దాటి అరాకాను తీరం పట్టినవారు కొందరు, అస్సాము అడవుల దారి పట్టినవారు కొందరు. దారిలో కలరాకు, ఆకలికి బలియైనవారి పేర్లు ఏ పుస్తకంలోను లేవు.

1945లో అదే అరాకాను తీరాన భారత సైన్యం ఓడలనుండి దిగినది. జనవరి 3న అక్యాబు, జనవరి 21న రామ్రీ దీవి, మే 2న రంగూను ముఖద్వారం. మూడేండ్ల క్రిందట మనవారు మూటలతో నడిచిన ఒడ్డునే ఇప్పుడు దింపుడు ఓడలు తలుపులు తెరిచినవి. బర్మానుండి వచ్చిన కుటుంబాలు మన సంఘంలో ఉన్నచో, ఈ రెండు తేదీల నడుమ తమ పెద్దలు ఏమి పడినారో వారికే తెలియును.

ఆ యుద్ధకాలంలోనే మన కథానాయిక పుట్టినది. అమెరికా ఓడలు చాలనందున బ్రిటిషువారు తమ దేశంలోను, కెనడాలోను మూడవ రకం దింపుడు ఓడలు కట్టించినారు. డీజిలు యంత్రాలు దొరకక వీటికి ఆవిరి యంత్రాలు పెట్టినారు. పదమూడు నాట్ల వేగం. లోపల నలభై టన్నుల ట్యాంకులు పదిహేను పట్టును. పైన లారీలు నిలుచును. వీటిలో 3011వ నంబరు ఓడ 1945లో నీటిలో దిగినది. అప్పటికి ఆమెకు పేరు కూడ లేదు, వ్యాగనువలె నంబరు మాత్రమే. పెద్ద దండయాత్రలు ముగియువేళకు వచ్చినందున ఆమెకు నార్మండీ దక్కలేదు. 1947లో అవెంజర్ అని, అనగా పగతీర్చుకొనునది అని పేరు పెట్టినారు. 1949లో ఆమె స్వతంత్ర భారత నౌకాదళానికి వచ్చినది.

మనవారు పెట్టిన పేరు మగర్. సంస్కృతంలో మకరం, తెలుగులో మొసలి. పేరు పెట్టినవారు తెలిసియే పెట్టినారని మా అభిప్రాయం. నోరు తెరిచే ఓడకు ఇంతకన్న తగిన పేరు లేదు. గజేంద్రమోక్షం విన్న మన ఇంటి పిల్లలకు మొసలి బలం తెలియును. నీటిలో ఏనుగును పట్టినదే, నేలమీద కుక్కకు లోకువ అనే నీతియు తెలియును. ఈ మకరం మాత్రం నీటిని విడిచి నేలమీదికి వచ్చుటకే పుట్టినది. పగ అనే పేరు పోయి మొసలి అనే పేరు వచ్చుట మాకు నచ్చినది.

1971 నాటికి మగర్‌కు వయస్సు ఇరువదియారు. ఆ సంవత్సరం నవంబరులో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాబృందం ఏర్పడినప్పుడు, విక్రాంత్ వంటి విమానవాహక నౌక ప్రక్కన ఈ ముసలి మొసలి కూడ నిలిచినది. ఆమెతోపాటు పోలండులో కట్టిన చిన్న దింపుడు ఓడలు రెండు ఉన్నవి: ఘరియల్, గుల్దార్. ఘరియల్ కూడ మొసలియే, సన్నని పొడవు మూతి కలది.

డిసెంబరు యుద్ధం చివరి దినాలలో, ఓడిన పాకిస్తాను సైనికులు బర్మాలోనికి తప్పించుకొనకుండ దారి మూయుటకు, కాక్సుబజారు వద్ద దండును దింపవలెనని ఆజ్ఞ అయినది. ఈ పని ఘరియల్, గుల్దార్‌లకు పడినది. కలకత్తానుండి విశ్వవిజయ అనే వర్తకపు ఓడలో గూర్ఖా సైనికులను తెచ్చి, నడిసముద్రంలో ఈ ఓడలలోనికి మార్చినారు. ఒడ్డు సంగతి సరిగా తెలుసుకొనుటకు వ్యవధి లేకపోయినది. ఆ తీరాన ఒడ్డుకు ముందుగా ఇసుకతిన్నె ఒకటి కలదు. దానికి ఒడ్డుకు నడుమ లోతు నీరు. తిన్నెమీద ఎక్కిన ఓడ ఒడ్డు వచ్చినదనుకొని తలుపు తెరిచినది. మొదట దిగిన జవానులు, వీపున బరువులతో, లోతులో పడినారు. కొందరు మునిగి ప్రాణాలు కోల్పోయినారు. శత్రువు తుపాకి ప్రేలలేదు; ఊరు అప్పటికే ముక్తివాహిని చేతిలో ఉన్నది.

మిగిలిన దండు ఎట్లు దిగినదో తెలియునా? ఆ ఊరి పడవలలో. ఇంజనీర్ల ఓడకు సాధ్యము కానిది, ఆ ఒడ్డున పుట్టి పెరిగిన పల్లెకారులు చేసి చూపినారు. మన మసూలా పడవ మాకు ఇక్కడ జ్ఞాపకం వచ్చినది. ఓడ ఎంత గొప్పదైనను ఒడ్డును అడిగి దిగవలెను. ఈ సంగతి యుద్ధానికి మాత్రమే చెందినది కాదు. పరాయిగడ్డకు బ్రతుకుతెరువుకై వచ్చిన మనబోంట్లకు ఇది ఇంటి అనుభవమే.

మన ఇండ్లలో తాత పేరు మనుమనికి పెట్టుదుము. నౌకాదళంలోను అదే ఆచారం. ముసలి మగర్ తప్పుకొన్న పిదప, 1987 జూలైలో క్రొత్త మగర్ కొలువులో చేరినది. ఇది స్వదేశంలో కట్టినది. దాని జతగా 1997 ఫిబ్రవరిలో క్రొత్త ఘరియల్ చేరినది. దాని దేహాన్ని కట్టినది విశాఖపట్టణంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేయగా, 1948 మార్చిలో నెహ్రూగారు జలఉష అనే ఓడను నీటిలోనికి విడిచిన యార్డు అదే. బీచిరోడ్డున మాకు కనిపించిన వెల్డరుగారి చేతిపని ఏ పలకలో ఉన్నదో గాని, ఆ ఓడలో ఉన్నది.

క్రొత్త మగర్ కొలువులో కష్టాలు లేకపోలేదు. 2006 ఫిబ్రవరిలో విశాఖకు ఎదురుగా బంగాళాఖాతంలో, గడువు తీరిన మందుగుండును పారవేయుచుండగా ప్రేలుడు సంభవించి ముగ్గురు నావికులు మరణించినారు. యుద్ధం లేని దినాన, పాత సరుకు దించుచు పోయిన ప్రాణాలు అవి. 2020 మే నెలలో కరోనా మహమ్మారిచేత విమానాలు ఆగిపోయినప్పుడు, మగర్ మాల్దీవులకు పోయి అక్కడ చిక్కుపడిన 202 మందిని కొచ్చి రేవుకు చేర్చినది. ట్యాంకులు నిలుచు ఓడలో మనుష్యులు మూటలతో ఇంటికి వచ్చినారు. 2023 మే 6న కొచ్చిలోనే ఆమె జెండా దింపి కొలువు చాలించినది.

ఈ వంశంలో తరువాతి తరం ఓడ ఒకదాని పేరు ఐరావత్. పోతనగారి కథలో మకరం, ఏనుగు పోరాడినవి. నౌకాదళంలో రెండును ఒకే ఇంటివి. 2021 మే 10న ఐరావత్ సింగపూరునుండి విశాఖ రేవుకు వచ్చినది. ఆమె మోసుకొని వచ్చినవి ట్యాంకులే, కాని ఇనుపచక్రాల ట్యాంకులు కావు. ప్రాణవాయువు నింపుటకు పెద్ద తొట్లు ఎనిమిది, వాటితో సిలిండర్లు. ఆ దినాలలో ప్రాణవాయువు లేక ఎన్ని ఇండ్లలో దీపం ఆరినదో మనకందరికిని తెలియును.

దానికి మూడు వారాల ముందే మా రైల్వే కూడ విశాఖకు పోయినది. ముంబయి చేరువనున్న కళంబోలినుండి 2021 ఏప్రిల్ 19న ఖాళీ ట్యాంకరు లారీలను చదును వ్యాగనులమీద ఎక్కించి పంపినారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రాణవాయువు నింపుకొని, 22వ తేదీన మొదటి ఆక్సిజను ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రకు బయలుదేరినది. లారీ తానే నడిచి ఎక్కును, తానే నడిచి దిగును. చూచినారా, ఇది ఆ దింపుడు ఓడ సూత్రమే. డన్‌కర్క్ ఒడ్డున పోగొట్టుకొన్న ట్యాంకులకోసం వెదకిన ఉపాయం, ఎనుబదియేండ్లకు మన తెలుగు రేవులో ఊపిరి మోయుటకు అక్కరకు వచ్చినది.

మేము మాట్టుతావణి బస్టాండు చేరువను కాపురమున్నాము. పేరులో ‘మాడు’ ఉన్నది. పశువుల సంతను తలపించు పేరు. నేడు అక్కడ రాత్రింబవళ్ళు బస్సులు, నెత్తిన మూటలతో జనం. విశ్వనాథ నాయకుని కాలంనుండి ఈ మదురకు తెలుగువారు వచ్చుచునే ఉన్నారు. కొందరు కత్తితో వచ్చినారు, వారి పేర్లు శాసనాలలో ఉన్నవి. మగ్గం మోసుకొని, నాగలి మోసుకొని, బిడ్డను చంకన పెట్టుకొని వచ్చినవారే ఎక్కువ. వారి పేర్లు ఎక్కడను లేవు. ఓడకైనను ఒక నంబరు ఉన్నది, చేరిన తేదీ ఉన్నది, కొలువు ముగిసిన తేదీ ఉన్నది. మన అవ్వతాతలకు అదియు లేదు.

కావున మన సంఘ కుటుంబాలకు మా విన్నపం ఒక్కటే. ఈ ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విన్న పిమ్మట, ఇంటిలో పెద్దవారుంటే వారి దగ్గర కూర్చుండి, ఏ ఊరినుండి ఎప్పుడు వచ్చినారు, ఏమి మోసుకొని వచ్చినారు, మొదట ఎవరు ఆదరించినారు అని అడిగి ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టండి. తెలుగు లిపి రాని పిల్లలు వచ్చిన లిపిలోనే వ్రాయవచ్చును; మాట మాత్రం తెలుగుమాట కావలెను.

మా చిన్నవానికి ఇప్పుడు జవాబు చెప్పగలము. ఆ ఓడకు మూతి మొద్దుగా ఉండుట అందానికి కాదు నాయనా, లోపల ఉన్నదానిని క్షేమంగా ఒడ్డు చేర్చుటకు.

నూతన సంవత్సరం మీ అందరి ఇండ్లకు ఆయురారోగ్యాలు, పాడిపంటలు చేర్చుగాక.